తేలిక పాటల బరువు

పిల్లలకు పియానో చెప్పే మేష్టార్లలో రెండు తెగలవారున్నారు. మొదటి తెగవారి దగ్గర సినిమా పాట మాటెత్తకూడదు. "ముందు స్కేల్సు, ఆ తర్వాత గ్రేడు పరీక్ష పాఠాలు, ఆ తర్వాత బాఖ్, మొజార్ట్, బీథోవెన్. సినిమా పాటలు వాయించుకోడానికి నా దాకా ఎందుకండీ, ఏ బ్యాండు మేళంలోనో చేర్పించండి" అంటారు. రెండో తెగవారు మహా ఉదారులు. "ఏ పాట కావాలి నాన్నా?" అని పిల్లవాణ్ణే అడుగుతారు. ఆ పాట పేరు సెల్‌ఫోనులో కొట్టి, పక్కన 'ఈజీ' అన్న ముక్క తగిలించి, ముందుగా దొరికిన కాగితాన్ని ప్రింటు తీయించి చేతిలో పెట్టేస్తారు. ఫీజు మాత్రం ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే.

నాకు ఇద్దరితోనూ పేచీ ఉంది. మొదటివారితో ఉన్నది చిన్న పేచీ, తొందరగానే తెమిలిపోతుంది. రెండోవారితో ఉన్నదే అసలు తగాదా. పియానో అంటున్నాను గాని, మన ఇళ్లలో ఉండేది చాలావరకు కరెంటు కీబోర్డే. ఎనభై ఎనిమిది మెట్ల పియానో పెట్టాలంటే ముందు హాలు కావాలి, ఆ హాలుకి తగ్గ జీతం కావాలి. అరవై ఒక్క మెట్ల కీబోర్డయితే వాయిదాల మీద వస్తుంది, వాయించనప్పుడు మంచం కిందకి పోతుంది. పెట్టె ఏదయినా నేను చెప్పబోయే సంగతి మారదు.

మొదటివారి సంగతి ముందు చూద్దాం. సినిమా పాట 'లైటు' సంగీతమట, పియానో పెద్ద వాద్యమట, ఆ రెంటికీ పొత్తు కుదరదట. మరి ఆ పెద్దలే పిల్లలకు మొదటి ఏడాది చెప్పే ముక్కలేమిటి? బాఖ్ భార్య అన్నా మాగ్దలేనా పేరుమీద 1725లో మొదలైన రాతపుస్తకంలోని జి మేజర్ మినుయెట్. అది బాఖ్‌ది కాదు, క్రిస్టియన్ పెట్జోల్డ్ అనే ఆయనదని ఇప్పుడు అందరూ ఒప్పుకున్నారు. ఎవరిదయితేనేం, మినుయెట్ అంటే ఆ రోజుల్లో జనం కాలు కదిపిన నాట్యపు మట్టు. మొజార్ట్ పన్నెండు రకాలుగా తిప్పి తిప్పి పియానోకి రాసిన వరసేది? ఫ్రాన్సులో వీధివీధినా పాడుకున్న ఒక పాటది. ఇప్పుడు మన ఎల్కేజీ పిల్లలు నక్షత్రం మీద పాడే ఇంగ్లీషు పద్యం వరస కూడా అదే. హంగరీలో బార్టోక్ 1908, 1909 సంవత్సరాల్లో చిన్నపిల్లల కోసం పియానో ముక్కలు రాయాలనుకున్నప్పుడు ఎక్కడికి వెళ్లాడు? హంగరీ, స్లోవాక్ పల్లెపాటల దగ్గరికి. చిన్న చేతులు పూర్తి స్థాయికి చాచనక్కర్లేకుండా రాశాడు కూడా.

అంతదూరం పోవడమెందుకు, ముత్తుస్వామి దీక్షితులవారున్నారు. మద్రాసులో తెల్లవాళ్ల బ్యాండు వాయించే మట్లు విని, వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టారు. ఇంగ్లండు రాజుగారిని దేవుడు చల్లగా చూడాలని పాడే వాళ్ల జాతీయగీతం వరస కూడా అందులో ఉంది. వాటికి నొట్టుస్వరాలని పేరు. నవావరణ కీర్తనలు రాసిన మహానుభావుడికి బ్యాండు మేళం అంటరానిది కాలేదు. మన మేష్టారికి అయింది!

పోనీ, మెట్ల వాద్యం మీద గమకం పలకదు కాబట్టి మన పాట వద్దంటారా? ఆ వాదం ఆకాశవాణివారు మనకంటే ముందే చేశారు. 1940లో హార్మోనియాన్ని గుమ్మం బయట నిలబెట్టి, 1971 దాకా లోపలికి రానివ్వలేదు. ఆ ముప్పై ఏళ్లూ మన ఊళ్లలో హార్మోనియం లేకుండా పద్యనాటకం ఆడిందీ లేదు, హార్మోనిస్టు శ్రుతి ఇవ్వకుండా కృష్ణుడు పద్యం ఎత్తుకున్నదీ లేదు. ఇక గ్రేడు పరీక్షల మాటంటారా, పరీక్షలు పెట్టే లండన్ ట్రినిటీ కాలేజీవారే రాక్, పాప్ పాటలకు విడిగా పరీక్షలు పెట్టి, అందులో కీబోర్డుకీ చోటిచ్చారు. కాబట్టి ఈ పేచీని ఇక్కడితో వదిలేస్తున్నాను.

ఇప్పుడు ఉదారులైన రెండో తెగవారి దగ్గరికి వద్దాం.

వీరి దగ్గర తేలిక అంటే ఒకటే అర్థం: తీసెయ్యడం. కుడిచేతి పాటలో కష్టమయిన స్వరాలు తీసెయ్యడం, లయలో కష్టమయిన చోటు చదును చెయ్యడం, ఎడమచేతికి ఏవో మూడు కార్డ్‌లు పడెయ్యడం. కార్డ్ అంటే మూడు నాలుగు స్వరాలు ఒక్కసారిగా నొక్కే ముద్ద. పోస్టు కార్డు కాదు లెండి. ఇలా తీసెయ్యగా తీసెయ్యగా మిగిలిన దానిపైన పాట పేరు మాత్రం పెద్దక్షరాల్లో ఉంటుంది. కందిపప్పు లేకుండా సాంబారు కాచి, గిన్నె మీద సాంబారని చీటీ అంటించినట్టు.

మా వీధిలో ఒక పదేళ్ల అమ్మాయి ఉంది. కీబోర్డు నేర్చుకుంటోంది. సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలు. అమ్మమ్మకి ఇష్టమని మాయాబజార్ సినిమాలో వెన్నెల రాత్రి పడవ మీద పాడే పాట నెలరోజులు సాధన చేసి సిద్ధంగా పెట్టుకుంది. 1957లో వచ్చిన సినిమా. ఆ పాట తెలియని తెలుగు అమ్మమ్మ ఉండదు. భోజనాలయ్యాక అందరూ చుట్టూ కూర్చున్నారు. పిల్ల తప్పుల్లేకుండా, కాగితం మీద ఉన్నదున్నట్టు వాయించింది. అంతా విని ఆ పెద్దావిడ ఎంతో ప్రేమగా, "బావుందే తల్లీ, ఇంతకీ ఏం పాటే ఇది?" అంది.

పిల్ల మొహం చిన్నబోయింది. "నాకు చెయ్యి సరిగ్గా తిరగదు అమ్మమ్మా" అంది.

నా గొడవంతా ఆ ఒక్క మాట గురించే. ఆ పిల్ల చేతిలో ఏ లోపమూ లేదు. నేను ఆ కాగితం తీసి చూశాను. లోపం అందులో ఉంది.

ఆ పాట మోహన రాగం. స, రి, గ, ప, ద, అయిదే స్వరాలు. మధ్యమం లేదు, నిషాదం లేదు. పియానో నేర్చుకునే పిల్లకి ఇంతకంటే మంచి రాగం దొరకదు: షడ్జమం 'సి' మీద పెట్టుకుంటే అన్నీ తెల్లమెట్లే, 'ఎఫ్ షార్ప్' మీద పెట్టుకుంటే అయిదూ నల్లమెట్లే, చెయ్యి తెల్లమెట్టు తగలనక్కర్లేదు. ఇంత సుఖమైన పాటకి ఆ కాగితం రాసినవారు ఎడమచేతికి ఏం పెట్టారనుకున్నారు? రెండు వరసలకొకసారి జి సెవెన్త్ కార్డ్. అంటే 'సి' షడ్జమం లెక్కన ప, ని, రి, మ. మోహనంలో లేని మధ్యమం, నిషాదం రెండూ ఒకేసారి, పైగా కింది స్థాయిలో గుడగుడమంటూ. పడవ మీద వెన్నెల్లో ఉన్నవాళ్ల మధ్యకి ఇద్దరు పోలీసులు దిగినట్టుంది. ఆ అమ్మమ్మకి రాగం పేరు తెలియకపోవచ్చు. చెవికి తెలుసు.

సరే, ఎడమచెయ్యి పోయింది. కుడిచేతిలోనయినా పాట ఉందా? లయ తేలిక చెయ్యాలని, స్వరాలన్నింటికీ సమానంగా ఒక్కొక్క మాత్ర పంచిపెట్టారు, రేషను షాపులో పంచదార పంచినట్టు. ఊయల ఊగినట్టు సాగాల్సిన నడక కవాతయిపోయింది. ఇంకో తమాషా ఏమిటంటే, గొంతు ఒక స్వరం మీంచి ఇంకో స్వరం మీదకి జారే చోట, ఆ జారుడంతా మెట్ల మీద పట్టుకోవాలని చిన్న చిన్న స్వరాలు చీమల్లా నాలుగైదు రాశారు. పదేళ్ల పిల్లకి ఆ కాగితం మొత్తంలో కష్టమయిందల్లా అవే, అక్కర్లేనివీ అవే. జారుడు పియానో మీద రాదు. రాదని ఒప్పుకుని, గొంతు చివరికి వాలే స్వరం ఒక్కటి ఉంచితే చాలు. వినేవాళ్ల చెవి మిగతాది పూరించుకుంటుంది. ఉంచవలసింది తీసేసి, తీసెయ్యవలసింది ఉంచడమంటే ఇదే.

"చిన్నపిల్లలకి అంత తేడా తెలుస్తుందా అండీ?" అని అడిగే మేష్టార్లున్నారు. తెలుస్తుందండీ. ఇక్కడే అసలు కీలకం. మినుయెట్‌లో రెండు స్వరాలు తప్పితే ఇంట్లో ఎవరికీ తెలియదు. వాయించిన పిల్లకీ తెలియదు. సినిమా పాట అలా కాదు. ఆటోలో విన్నది, పెళ్లి పందిట్లో విన్నది, వాళ్ల నాన్న గడ్డం గీసుకుంటూ కూనిరాగం తీస్తే విన్నది. నూటికి నూరుపాళ్లు తెలిసిన పాట. తన వేళ్లకింద పలికేది ఆ పాట కాదని పిల్లకి అందరికంటే ముందు తెలుస్తుంది. అయితే కాగితం తప్పయి ఉంటుందని పదేళ్లవాళ్లకి తోచదు. మేష్టారిచ్చిన కాగితం కదా! కాబట్టి చెయ్యి తప్పు, వేలు తప్పు, అసలు నాకు సంగీతం రాదు — అనుకుంటారు. మరో నెలకి పెట్టె మంచం కిందకి వెళ్లిపోతుంది. వాయిదాలు మాత్రం కొనసాగుతూ ఉంటాయి. సినిమా పాట చవక కాబట్టి ఏ కూర్పయినా ఫరవాలేదనుకుంటున్నారే, సంగతి సరిగ్గా తలకిందులు. మినుయెట్‌కంటే సినిమా పాట కూర్పు ఎంచడంలోనే మేష్టారు ఎక్కువ జాగ్రత్తపడాలి.

ఈ తేలిక గొడవ కొత్తది కాదు. రెండు వందల ఏళ్ల కిందట ఎడింబరోలో జార్జ్ థామ్సన్ అనే పెద్దమనిషి ఉండేవాడు. స్కాట్లండు, ఐర్లండు, వేల్సు జానపదగీతాలు సేకరించి, వాటికి పియానో కూర్పులు రాయమని హేడన్‌కీ, బీథోవెన్‌కీ డబ్బు పంపేవాడు. బీథోవెన్ రాసి పంపినవి చూసి థామ్సన్ లబోదిబోమన్నాడు. మా ఊరి అమ్మాయిలు ఇవి వాయించలేరు మహాప్రభో, తేలిక చేసి పంపండి అని మళ్లీ మళ్లీ జాబులు రాశాడు. 1813లో బీథోవెన్ విసుక్కుంటూ జవాబిచ్చాడు: ఒకసారి రాసిందాన్ని దిద్దే అలవాటు తనకు లేదని. ఆ తర్వాత ఏం చేశాడో చూడండి. థామ్సన్ వద్దన్నవాటిలో కొన్ని స్వరాలు కొట్టేసి తిప్పి పంపలేదు. ఆ పాటలకి మొదటినుంచి కొత్తగా కూర్పులు రాసి పంపాడు.

ఎడింబరో అమ్మాయిల కోసం బీథోవెన్ పడ్డ శ్రమలో పదోవంతయినా మన పేటలో అమ్మాయిల కోసం ఎవరో ఒకరు పడాలంటాను నేను. కొత్తగా రాయడమంటే మూలానికి ద్రోహం చెయ్యడం కాదు. పైన చెప్పిన మినుయెట్‌నే 1965లో అమెరికాలో టాయ్స్ అనే ముగ్గురమ్మాయిల బృందం పాప్ పాటగా పాడింది. మూడు మాత్రల నడకని నాలుగుకి మార్చేశారు. అయినా ఎవరూ ఏం పాటే ఇది అని అడగలేదు. పాట దేశమంతా మోగింది. నడక మార్చదలచుకుని మార్చారు కాబట్టి, దానికి తగ్గట్టు తక్కిందంతా కొత్తగా కట్టారు. మన ఈజీ కాగితం రాసేవారు నడక మార్చరు, పోగొడతారు.

మేష్టార్లందరూ కూర్చుని కూర్పులు రాయలేరు, నిజమే. ఎంచుకోగలరు కదా! ఒకే పాటకి ఇప్పుడు అయిదారు కూర్పులు దొరుకుతున్నాయి. ముందుగా దొరికిందే మంచిదని ఎవరు చెప్పారు? వంకాయలు కొనేటప్పుడు బుట్ట అడుగుదాకా కెలికే మనం పిల్ల చేతికిచ్చే పాటకి ఒక్క నిమిషం చూడమా? ఎడమచెయ్యి మూసేసి కుడిచేతి వరస ఒక్కటీ వాయించి చూడండి. పక్కగదిలో వంట చేస్తున్నావిడ ఆ పాటని పోల్చుకోకపోతే కాగితం చింపెయ్యండి. పోల్చుకుంటే, అప్పుడు ఎడమచెయ్యి చూడండి. ఎనిమిదేళ్ల పిల్లవాడి చెయ్యి చిటికెనవేలి నుంచి బొటనవేలికి అయిదారు మెట్లు సుఖంగా అందుతుంది. పియానో మీద పూర్తి స్థాయి ఆరున్నర అంగుళాలు. ఆ దూరం రాసి పైన 'ఈజీ' అని అచ్చు వేస్తే చెయ్యి సాగదు. మోహనం లాంటి పాటకి ఎడమచేతిలో స, ప రెండే చాలు. తంబురా శ్రుతి పెట్టినట్టుంటుంది, చిటికెనవేలు ఒకచోట, బొటనవేలు ఒకచోట. మరీ కిందికి పోకుండా మధ్య మెట్ల దగ్గర వెయ్యాలి, అంతే.

అన్ని పాటలకీ అది సరిపోదు. ఇళయరాజా పాటలున్నాయి. ఆయన పాటల్లో కింద నడిచే బేస్ గిటారు మరో పాట పాడుతూ ఉంటుంది. ఆ నడక తీసేసి అక్కడ మూడు కార్డ్‌ల ముద్ద పెడితే పాట సగం చచ్చిపోతుంది. ఆ బేస్ వరసలో ముఖ్యమయిన నాలుగు స్వరాలు ఏరి ఎడమచేతికిస్తే, ముద్దకంటే తేలిక, ముద్దకంటే అందం. ఇంగ్లీషు పాటలు కావాలనే పిల్లలకి బీటిల్స్ వారి 'లెట్ ఇట్ బీ' చూడండి. పియానో మీదే కట్టిన పాట, సి మేజర్‌లో ఉంది, దాదాపు అంతా తెల్లమెట్లే, పాట మొత్తానికి నాలుగు కార్డ్‌లు తెలిస్తే చాలావరకు సాగిపోతుంది. ఇటువంటివాటిని ఎవరూ నరకనక్కర్లేదు. పుట్టడమే తేలికగా పుట్టాయి. తేలిక చేసిన కష్టమయిన పాటకంటే, తేలికగా పుట్టిన పాట ఎప్పుడూ మేలు. అందుకని పిల్లవాడు అడిగిన పాట మరీ గమకాల పుట్టయితే, "అది ఇంకో ఏడాది ఆగుదాం, ఆ సంగీత దర్శకుడిదే ఇంకోటి ఉంది, విను" అని చెప్పే హక్కు మేష్టారికుంది. చెప్పాలి కూడా.

మాటలు ఎక్కువుండి వరస కదలని పాటలతో మరీ జాగ్రత్త. గొంతుకి మాటలున్నాయి కాబట్టి ఒకే స్వరం మీద పన్నెండు అక్షరాలు పలికినా ముచ్చటగా ఉంటుంది. మాటలు తీసేసి ఆ పన్నెండూ ఒకే మెట్టు మీద కొడితే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో 'ఎ ఎస్ డి ఎఫ్' కొట్టినట్టుంటుంది. ఈ మధ్య ఊరూవాడా ఊపేస్తున్న పాటల్లో సగం ఈ జాతివే. అవి డప్పు మీద బాగుంటాయి, పియానో మీద బాగుండవు. పియానోని నిందించి లాభం లేదు.

పిల్లలకి నిజంగా కావలసిందేమిటో కూడా మేష్టార్లు అడగరు. పాట కావాలంటారు గాని, నిలదీసి అడిగితే చాలామందికి కావలసింది పల్లవి కాదు. పల్లవికి ముందు వేణువో గిటారో వాయించే ఆ ఎనిమిది మాత్రల ముక్క. అది వేళ్లకి దొరికిందంటే పిల్లవాడు రోజుకి నలభైసార్లు వాయిస్తాడు, చెప్పకుండానే. ఈజీ కాగితాల్లో ముందుగా కోసేసేది దాన్నే! ఆ ముక్క ఉన్న కూర్పు దొరికితే, మిగతా పాట కొంచెం కష్టమయినా అదే ఎంచమంటాను.

ఇక కాగితం కూడా లేకుండా 'సి సి జి జి' అనో 'స స ప ప' అనో అక్షరాల చాంతాడు రాసిచ్చేవారున్నారు. ఏ అక్షరం ఎంతసేపో అందులో ఉండదు. రైళ్ల పేర్లు మాత్రం వేసి వేళలు వెయ్యని టైంటేబిలు అది. రంగు రంగుల పుల్లలు పైనుంచి మెట్ల మీదకి రాలే వీడియోలు చూసి నేర్చుకోమనేవారు ఇంకో రకం. ఆ పుల్లలు ఆగిపోతే పిల్లవాడి చెయ్యీ ఆగిపోతుంది. కీబోర్డు మీద శ్రుతి మార్చే మీట నొక్కి, అన్ని పాటలూ 'సి'లోనే కానిచ్చేవారి సంగతి పెళ్లివారింట్లో నిజం పియానో ఎదురయిన రోజున తెలుస్తుంది. దానికి ఆ మీట ఉండదు.

మేష్టార్ల కష్టం నాకు తెలియంది కాదు. సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా అరగంటకొక పిల్లవాడు. ఎప్పుడు వెతుకుతారు, ఎప్పుడు వాయించి చూస్తారు? నిజమే. అయితే ఒకసారి మంచి కూర్పు ఎంచి, అక్కర్లేని స్వరాల మీద పెన్సిలుతో గీత కొట్టి, వేళ్ల అంకెలు వేసి పెట్టుకుంటే అదే కాగితం పదేళ్లపాటు పదిమంది పిల్లలకి పనికొస్తుంది. ఏడాదికి పన్నెండు పాటలు అలా సిద్ధం చేసుకున్న మేష్టారికి అయిదేళ్లకి అరవై పాటల పెట్టె తయారవుతుంది.

తల్లిదండ్రులకీ ఒక మాట చెప్పకపోతే అన్యాయం. పిల్ల క్లాసులో చేరి రెండు నెలలు కాదు, "వచ్చే ఆదివారం పాప పుట్టినరోజు మేష్టారూ, మొన్న రిలీజయిన సినిమాలో పాట వాయించేలా చూడండి" అంటారు. ఆ పాట వచ్చి వారం కాలేదు. మేష్టారు ఏం చేస్తారు? ముందుగా దొరికిన ఈజీ కాగితమే తీస్తారు. నెలరోజులు గడువివ్వండి. కేటరింగు వాడికి ఇస్తున్నారుగా!